సకినాల పిండి మిగిలిననాడు

సంక్రాంతి వెళ్ళిన మరునాడు గోదావరిఖనిలో గాని, రామగుండంలో గాని, ఆ చుట్టుపట్ల ఏ పల్లెలో గాని ఒక ఇంటి వంటగదిలోనికి తొంగిచూచినవారికి మూతవేసిన గిన్నె ఒకటి కనబడుతుంది. అందులో తడిబియ్యపు పిండి ఉంటుంది. ప్రక్కన చాటలో గుప్పెడో రెండు గుప్పెళ్ళో నువ్వులు, చిన్న పొట్లంలో వాము, ఉండలు చేయగా మిగిలిన పల్లీలు ఉంటాయి. పండుగ ముగిసినది. వచ్చిన చుట్టాలు బస్సులెక్కి వెళ్ళిపోయినారు. మిగిలిన ఈ వస్తువుల గతి ఏమిటని అడిగితే ఆ ఇల్లాలు ఒక్క క్షణమైనా తడుముకొనదు. సర్వపిండి చేస్తానంటుంది.

ఆ ఒక్క మాట వెనుక ఎంత కథ ఉన్నదో చెప్పాలని మా ప్రయత్నము. గిన్నె అడుగున కాలిన పిండికి చరిత్ర ఏమిటని శ్రోతలలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొననీయండి. శాసనం వేయించినవారి పేర్లు మనకు తెలుసును. ఆ శాసనం చెక్కిన నాడు ఆ ఊరి ఇళ్ళలో ఏమి వండుకొన్నారో తెలియదు. వంట చరిత్రను వ్రాసిపెట్టినవారు తక్కువ. అది చేతినుంచి చేతికి వచ్చినది గనుక, దానిని తెలుసుకొనడానికి మనం చూడవలసినవి కూడా ఆ చేతులు వాడిన వస్తువులే: పిండి, పాత్ర, నిప్పు.

మొదట పిండి సంగతి. సకినాలు తెలంగాణలో సంక్రాంతి పిండివంట. బియ్యమును రాత్రి నానబోసి, ఉదయం నీరు వంచి, గుడ్డపై ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే రోట దంచుతారు. ఇప్పుడైతే గిర్నీకి తీసుకొనిపోతారు. జల్లించిన పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీటితో కలుపుతారు. నేలమీద శుభ్రమైన గుడ్డ పరచి, ఇరుగుపొరుగు స్త్రీలు చుట్టూ కూర్చుండి, పిండిని వ్రేళ్ళ సందున మెలివేస్తూ గుండ్రంగా మూడు నాలుగు చుట్లు చుడతారు. కొంత ఆరిన తరువాత నూనెలో వేయిస్తారు. ఒక ఇంటి సకినాలు ఆ ఒక్క ఇంటివారే చేసుకొనడం అరుదు. ఈ రోజు మీ ఇంట, రేపు మా ఇంట అని వంతులు వేసుకొంటారు. కొత్తగా పెండ్లయిన కూతురుంటే అత్తవారింటికి సకినాల గంపలు పోవలసి ఉంటుంది. ఆ లెక్కలో పిండి చాలకపోతే మాట పడవలసి వస్తుంది, ఎక్కువైతే ఎవరూ ఏమీ అనరు. అందుచేత తెలిసిన గృహిణి పిండిని ఎప్పుడూ ఒక అడుగు ముందుకే వేసుకొంటుంది. పిండి మిగలడం పొరపాటు కాదు, అది ముందుచూపు.

ఐతే ఈ పిండి నిలువ ఉండేది కాదు. పొడిపిండి డబ్బాలో నెలపాటు ఉంటుంది. నానిన బియ్యపు పిండిలో తడి ఉన్నందువల్ల మరునాటికి వాసన మారుతుంది. ఇంకొక నాటికి పులుస్తుంది. ఎండబెట్టుదామంటే పుష్యమాసపు ఎండ బలహీనము. పారవేయడం మాట తలపెట్టరాదు. ఎందుకు తలపెట్టరాదో కొంచెము ముందుకు పోయిన తరువాత చెప్పుతాము. కనుక ఆ పిండి ఆ రోజే, లేదా మరునాడే, మరొక రూపం పొందాలి.

ఆ రూపం పొందే విధానం చూడతగినది. నాలుగు గ్లాసుల పిండికి అరగ్లాసు పల్లీలు వేయించి కచ్చాపచ్చాగా దంచుతారు. పావుగ్లాసు శనగపప్పు గంటసేపు నానబెడతారు. నువ్వులు మరొక పావుగ్లాసు. ఉల్లిగడ్డ, ఉల్లియాకు, కల్యామాకు, కొత్తిమీర సన్నగా తరుగుతారు. జీలకర్ర, ఎల్లిగడ్డ, కారప్పొడి, ఉప్పు పడతాయి. కొందరు సొరకాయ తురిమి కలుపుతారు. అప్పుడు పిండి మెత్తన అవుతుంది, నీరు తక్కువ పడుతుంది. అన్నిటినీ వేడినీటితో కలపడంలో ఒక రహస్యం ఉన్నది. గోధుమపిండిని నీటితో మర్దించితే సాగుతుంది. బియ్యపు పిండికి ఆ సాగే గుణము లేదు, విరిగిపోతుంది. వేడినీరు తగిలితే పిండిలో కొంత భాగము అక్కడికక్కడే ఉడికి జిగురవుతుంది, ఆ జిగురే మిగిలినదానిని పట్టి ఉంచుతుంది.

ఇక పాత్ర. సర్వ అంటే గుండ్రని అడుగు, వెడల్పయిన నోరు కలిగిన లోహపాత్ర. పూర్వము ఇత్తడిది, తరువాత వాడుకలో సిల్వరు అని పిలిచే అల్యూమినియముది. ఆ పాత్ర పేరే వంటకు వచ్చినది. అదే వంటను గిన్నెలో చేసేవారు గిన్నప్ప అన్నారు, తపాలలో చేసేవారు తపాలచెక్క అన్నారు. మూడు పేర్లూ పాత్రను బట్టి వచ్చినవే కావడం గమనింపదగినది. లోపల ఏమి వేసినారన్నది మారవచ్చును గాని, దేనిలో కాల్చినారన్నది మారదని ఆ పేర్లు పెట్టినవారి భావము కాబోలు.

సర్వ లోపల నూనె పూసి, పెద్ద నారింజపండంత పిండిముద్దను అడుగున పెట్టి, అరచేతితో, వ్రేళ్ళతో అడుగునుంచి ప్రక్కలకు, ప్రక్కలనుంచి పైకి ఒత్తుకొంటూ పోతారు. అంతటా ఒకే మందం రావాలి. తరువాత చూపుడు వ్రేలితో అక్కడక్కడ రంధ్రములు చేసి, ఒక్కొక్క రంధ్రంలో కొంచెం నూనె వేస్తారు. ఆ రంధ్రములు అందానికి కావు. వాటి ద్వారా నూనె అడుగుకు దిగుతుంది, అడుగున పుట్టిన ఆవిరి పైకి వస్తుంది. అవి లేకపోతే ఆవిరి పిండిని పైకెత్తి, ఒకచోట మాడి మరొకచోట పచ్చిగా ఉంటుంది. మూత పెట్టి సన్నని సెగమీద ఉంచితే పిండి పైభాగము ఆవిరితో ఉడుకుతుంది, అడుగు నూనెతో ఎర్రగా కాలుతుంది. తిరగవేసే పని లేదు. అంచులు గోడను వదలి లోపలికి ముడుచుకొన్నప్పుడు గరిటెతో కదిలించితే పిండి మొత్తము సర్వ ఆకారంలోనే ఊడివస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రెండవ ముద్దను వెంటనే ఒత్తలేము. సర్వ చేయి కాలేంత వేడిగా ఉంటుంది. అందుచేత సర్వను బోర్లించి దాని వెనుకపై నీళ్ళు చల్లుతారు, లేదా నీళ్ళ తొట్టిలో అడుగు ముంచుతారు. చుయ్యిమన్న ఆ చప్పుడు వినబడితే, అవతలి గదిలో ఉన్న పిల్లలకు రెండవది వేస్తున్నారని అర్థమవుతుంది. ఇంట్లో మనుషులు ఎక్కువ ఉన్నచోట రెండు మూడు సర్వలు వంతుగా తిప్పుతారు.

దీనికి సాటిరాగల వంట ప్రపంచంలో మరెక్కడైనా ఉన్నదా అని వెదకినప్పుడు మాకు ఇంగ్లండు కనబడినది. అక్కడి శాకాహారులు క్రిస్మసు పండుగనాడు నట్ రోస్ట్ అనే వంట చేస్తారు. ఎండిన రొట్టె పొడి, బాదము, అక్రోటు వంటి గింజలు, ఉల్లిపాయ, సువాసన ఆకులు కలిపి, రేకు పెట్టెలో ఒత్తి, పొయ్యి లోపల కాలుస్తారు. పండుగ గింజలు, రొట్టె ముక్కలు మిగిలినప్పుడు కూడ ఆ పనే చేస్తారు. ఆ దేశంలో శాకాహార సంఘము 1847లో రామ్స్‌గేట్ అనే పట్టణంలో ఏర్పడినది. 1888లో న్యాయశాస్త్రం చదువడానికి లండను చేరిన గాంధీజీ తల్లికి ఇచ్చిన మాట తప్పక, ఆకలితో వీధులు తిరిగి, ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొన్నారు. తరువాత లండను శాకాహార సంఘపు కార్యవర్గంలో సభ్యులైనారు. అమెరికాలో కెల్లాగ్ వైద్యుడు 1890లలో గింజలతో మాంసమును పోలిన పదార్థములు తయారుచేసినాడు.

పోలిక అంతవరకే. నట్ రోస్ట్ ఒక బదులు వంట. పండుగ బల్లమీద మాంసం ఉండవలసిన చోట అది కూర్చుంటుంది; అది ఏదికాదో ముందు చెప్పి, ఏదయినదో తరువాత చెప్పవలసి వస్తుంది. సర్వపిండి దేనికీ బదులు కాదు. కనుమనాడు మాంసం వండుకొన్న ఇంటివారూ, వండుకొనని ఇంటివారూ మరునాడు దానినే తింటారు. అందులో గింజలున్నవన్న స్పృహ కూడ ఎవరికీ ఉండదు.

ఆ గింజల వయస్సు లెక్కపెట్టి చూస్తే చరిత్ర బయటపడుతుంది. నువ్వు చాల పాతది. హరప్పా త్రవ్వకాలలో మాడిన నువ్వుగింజలు దొరికినవి. సంస్కృతంలో తిలమునుంచి తైలము వచ్చినట్లే, తెలుగులో నువ్వుకు నెయ్యి చేరి నూనె అయినది. ఏ గింజనుంచి తీసినా నూనె అనే అంటున్నాము గాని, ఆ మాట లోపల నువ్వు కూర్చునే ఉన్నది. మకరసంక్రాంతికి నువ్వులు తినడము, దానమివ్వడము దేశమంతటా ఉన్న ఆచారము. బియ్యము, శనగ, జీలకర్ర కూడ మనకు వేల యేండ్ల పరిచయము కలవి.

మిరపకాయ అట్లా కాదు. అది అమెరికా ఖండపు పంట. 16వ శతాబ్దిలో పోర్చుగీసు ఓడలతో మన తీరమునకు చేరినది. అంతకుముందు మన కారమంతా మిరియాలదే. కొత్తగా వచ్చిన కాయకు పాత కారము పేరునుంచే పేరు కట్టి మిరపకాయ అన్నారు. ఇక పల్లీ కథ మరింత దూరము. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా, బొలీవియా, అర్జెంటీనా దేశాలు కలిసే ప్రాంతము. పెరూ దేశంలో సిపాన్ అనే చోట 1987లో బయల్పడిన ఒక ప్రాచీన ప్రభువు సమాధిలో బంగారముతో, వెండితో చేసిన పల్లీకాయల హారము దొరికినది. మన దేశములో అది విరివిగా పండి వ్యాపారపు పంటగా మారినది 19వ శతాబ్దిలో. ఫ్రాన్సులోని మార్సేల్ నగరపు నూనె, సబ్బు కర్మాగారాలకు పుదుచ్చేరి రేవునుంచి ఓడలకొద్ది పోయినది. హైదరాబాదు రాజ్యంలో దాని సాగు బాగా పెరిగినది 20వ శతాబ్ది పూర్వార్ధంలో. కోస్తావారు దానిని శనగతో పోల్చి, వేరున కాస్తుందని వేరుశనగ అన్నారు. తెలంగాణవారు హిందూస్తానీ ఫల్లీని తీసుకొని పల్లీ అన్నారు. పేర్లే చెప్పుతున్నవి, ఏ దారిన వచ్చినదో.

కాబట్టి కాకతీయ ప్రభువులు సర్వపిండి తిన్నారని ఉత్సాహముకొద్ది చెప్పేవారి మాట మేము ఒప్పుకొనలేము. ఓరుగల్లు 1323లో పడిపోయినది. ఆనాటికి మన దేశంలో మిరపకాయా లేదు, పల్లీ లేదు. బియ్యపు పిండిలో నువ్వులు, మిరియాలు కలిపి పాత్రలో కాల్చుకొని ఉంటే ఉండవచ్చును; అది మరొక వంట. ఇప్పుడు మనం తింటున్న సర్వపిండి, పల్లీ పంటికి తగిలే సర్వపిండి, మా అంచనాలో నూరు, నూట యాభై యేండ్లకు మించినది కాదు. ఇందుకు చిన్నబోవలసిన పని లేదు. ప్రాచీనమైతేనే గొప్ప అనుకొనడము మనలో ఒక దుర్బలత్వము. ఎక్కడో ఆండీసు కొండల క్రింద పండిన గింజను తీసుకొని, సంక్రాంతి పిండిలో కలిపి, అది మొదటినుంచి తమదేనన్నంతగా ఇముడ్చుకొన్నవారి నేర్పును మెచ్చుకొనడము మేలు.

పారవేయరాదన్న సంగతి మధ్యలో విడిచినాము. ఈనాడు కరీంనగరు, పెద్దపల్లి ప్రాంతమును చూచినవారికి వరిపొలాలే కనబడుతాయి. వారి తాతల కాలములో అది జొన్న, మక్కల దేశము. చెరువు క్రింద, బావి క్రింద ఉన్న కొద్దిపాటి మాగాణిలో పండిన వడ్లు ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా చాలేవి కావు. రోజూ తినేది జొన్నరొట్టె, జొన్నగట్క, మక్కగట్క. వరియన్నము పండుగకు, చుట్టానికి, బాలింతకు. శ్రీనాథ మహాకవి పల్నాటిలో సన్నన్నము దొరకక జొన్నకూటిని ఈసడించినాడని చాటువులు చెప్పుకొని మనము నవ్వుకొంటాము. కాని ఆ జొన్నకూడే అధికసంఖ్యాకుల అన్నమని, కవిగారి కోపము అతిథి కోపమని మరచిపోతాము. 1940లలో యుద్ధపు రోజులలో హైదరాబాదు రాజ్యపు అధికారులు రైతుల కల్లాలనుంచి లెవీ ధాన్యం వసూలు చేసినారు. పండించినవాని గాదె ఖాళీ అయినది. 1946లో రగిలిన తెలంగాణ రైతాంగ పోరాటానికి ఉన్న కారణాలలో ఆ లెవీ ఒకటి.

అటువంటి రోజులలో సంక్రాంతికి నానబోసిన బియ్యము అంటే ఏమిటో ఇప్పుడు ఊహించుకొనడము కష్టము. దానిలో ఒక దోసెడు పిండి మిగిలితే అది మిగులు కాదు, మరొక పూట పండుగ. దానికి చేను గట్టుపై పండిన నువ్వులు, తోటలో పండిన పల్లీలు, పెరటి ఉల్లియాకు జోడించితే ఒక సర్వ నిండుతుంది. పిండి కొంచెము, గింజలు ఎక్కువ. అన్నము తక్కువైన చోట కడుపు నింపే ఉపాయము అది. పప్పు, పల్లీ, నువ్వు కలిసినందువల్ల బలము కూడ. మాంసకృత్తులు, క్రొవ్వులు అని మనం పుస్తకాలలో చదివి తెలుసుకొన్నది, వారు ఆకలి చెప్పగా తెలుసుకొన్నారు.

1963లో పోచంపాడు వద్ద గోదావరిపై ప్రాజెక్టుకు జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. అది శ్రీరామసాగరమైనది, దాని కాకతీయ కాలువ నీరు కరీంనగరు పొలాలకు వచ్చినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. వరియన్నము రోజూ తినేదయినది, జొన్నరొట్టె ఆరోగ్యము కోసమని కొనుక్కొనేదయినది. సర్వపిండి మాత్రము నిలిచిపోయినది. అవసరము పోయిన తరువాత కూడ నిలిచిన వంటనే రుచిగల వంట అనవలెను.

ఇక ఈ వంట బొగ్గు గనుల నడుమకు ఎట్లా వచ్చినదో చెప్పవలసి ఉన్నది. భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్లు కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ గనులు త్రవ్వే హక్కు సంపాదించినది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీగా అది కొత్తరూపు దాల్చినది. 1945లో నిజాము ప్రభుత్వము దానిలో అధికభాగము వాటాలు కొన్నది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, 2014లో తెలంగాణకు సంక్రమించినది. కాజీపేట, బల్లార్షా రైలుమార్గము 1929లో పూర్తి అయి, గోదావరి ఒడ్డున ఉన్న రామగుండమును ఉత్తరదక్షిణాలతో కలిపినది. 1960ల మొదట అక్కడ గనులు తెరువబడినవి. నది పేరు, గని పేరు కలిసి గోదావరిఖని అనే పట్టణము పుట్టినది. దేశములో ఊళ్ళు దేవుళ్ళ పేరిట, రాజుల పేరిట వెలసినవి ఎన్నో ఉన్నవి. గని పేరును ఇట్లా తలదాల్చినవి కొద్ది.

ఆ గనులకు కరీంనగరు, ఆదిలాబాదు, వరంగల్లు పల్లెలనుంచి మనుషులు వచ్చినారు. నీరులేని చెలకలు విడిచి వచ్చినవారు కొందరు, దొరల వెట్టి విడిచి వచ్చినవారు కొందరు. తట్టా చెమ్మసు పట్టి బొగ్గు నింపినారు. వారి వెంట వచ్చిన స్త్రీలు పెట్టె, పరుపుతో పాటు సర్వ ఒకటి తెచ్చుకొన్నారు. క్వార్టర్ల వరుసలలో ఒక గోడకు ఇవతల ఒక తాలూకా, అవతల మరొక తాలూకా. పండుగకు సకినాలు చుట్టడానికి ఒక గుడ్డ చుట్టూ కూర్చున్నప్పుడు, ఒకామె గిన్నప్ప అన్నది, మరొకామె తపాలచెక్క అన్నది, ఇంకొకామె సర్వపిండి అన్నది. "ఏందక్కా, మీ గిన్నప్ప అంటే మా సర్వపిండేనా!" అని నవ్వుకొన్నామని ఒక వృద్ధురాలు మాతో చెప్పినది. పల్లెలో ఒకే పేరు విని పెరిగినవారికి ఆ క్వార్టర్లలోనే ఒక వంటకు మూడు పేర్లున్నవని తెలిసినది. భాష గురించి అంత సూటియైన పాఠము మేము బడిలో చెప్పించుకొనలేదు.

నిప్పు మారినది. పల్లెలో కట్టెలపొయ్యి, పిడకలు. ఇక్కడ కార్మికుల ఇళ్ళలో ఇంటి వాడుకకు బొగ్గు. బకెట్టుకు లోపల మట్టి మెత్తి, నడుమ ఇనుప చువ్వలు అమర్చి చేసిన పొయ్యిలో బొగ్గు రాజవేసి, వాకిట పెట్టేవారు. సాయంకాలము వరుసలన్నిటిమీద పొగ కమ్ముకొనేది. పొగ తగ్గి, బొగ్గులు ఎర్రబడి, అన్నము కూర అయిన తరువాత, పైన బూడిద పట్టి సెగ నెమ్మదించినప్పుడు సర్వను ఎక్కించేవారు. కట్టె నిప్పుకన్న బొగ్గు నిప్పు మొండిది. తొందరపడితే అడుగు మాడుతుంది, ఓపిక పడితే ఎంతసేపైనా ఒకే సెగ ఇస్తుంది. సర్వపిండికి కావలసినది సరిగా అదే. పగలంతా నేల అడుగున మగవారు త్రవ్విన బొగ్గు, రాత్రి వాకిట ఆరిపోతున్న చివరి వేడితో వారి మరునాటి పలహారమును కాల్చేది.

గనిలో మూడు షిఫ్టులు. సైరను కూతతోను, రేడియో వార్తలతోను కాలము కొలుచుకొన్న ఇళ్ళవి. మొదటి షిఫ్టుకు పోయేవాడు తెల్లవారక ముందే లేవాలి. అప్పుడు అన్నము వండడము అన్ని ఇళ్ళలో సాగదు. రాత్రి కాల్చిన సర్వపిండి ఉదయానికి చెడిపోదు. కూర అక్కరలేదు, ఒలికేది లేదు, రెండు ముక్కలు గుడ్డలో చుట్టినా సరిపోతుంది. వెలుతురు చాలని చోట, మసి అంటిన చేతులతో, ఉన్న కొద్ది సమయములో తినవలసినవానికి ఇంతకన్న అనుకూలమైనది అరుదు. గుడ్డ అంచుతో పట్టుకొని కొరుక్కొని తినేవారమని, చివరి చిన్న ముక్క మసి అంటినదని పారవేయబుద్ధి కాక తినేవారమని పదవీవిరమణ చేసిన ఒక కార్మికుడు చెప్పగా విన్నాము.

మిగిలినదానిని గౌరవించడము ఈ ప్రాంతపు పండుగలలోనే ఉన్నది. చద్ది అనే మాటకు తెలంగాణ రూపము సద్ది. బతుకమ్మ తొమ్మిది రోజులలో అన్నిటికన్న పెద్దదైన చివరి దినమునకు సద్దుల బతుకమ్మ అని పేరు. ఆనాడు నువ్వులసద్ది, పల్లీలసద్ది, పెరుగన్నము చేస్తారు. రొట్టెను నలిపి బెల్లము కలిపిన మలీద పెడతారు. మలీద అనేది పారసీక పదము, నలిపినది అని అర్థము. అదే మలీదను పీర్ల పండుగలో కూడ పంచుతారు. ఈ రెండు పండుగల నడుమ ఆ రొట్టె ముద్ద ఎట్లా తిరిగినదో చెప్పడము మరొక ప్రసంగానికి చాలినంత విషయము.

నేడు బొగ్గుపొయ్యిలు లేవు. వాటి స్థానములో గ్యాసు వచ్చినది. వాకిళ్ళ పొగ పోయినందుకు ఆ స్త్రీల ఊపిరితిత్తులు సంతోషించవలసినదే. పాత రోజులు బంగారమని మేము పాడబోము. ఐతే చాల ఇళ్ళలో సర్వ కూడ అటకెక్కినది. అంటుకొనని పూత పూసిన పెనముపై పిండిని పలుచగా ఒత్తి కాల్చుతున్నారు. పని త్వరగా అవుతుంది, రుచి కూడ బాగుంటుంది. కాని అది చదునుగా ఉంటుంది. సర్వలో కాల్చినదానికి అడుగు మందముగా, మెత్తగా, అంచులు పలుచగా, కరకరలాడుతూ ఉంటాయి. ఆ అంచుకోసము పిల్లలు తగవులాడుకొంటారు. పెనముపై కాల్చినదానికి తగవులాడవలసినంత అంచు లేదు. హైదరాబాదు, కరీంనగరు పట్టణాల దుకాణాలలో ఇప్పుడు సర్వపిండి అమ్ముతున్నారు. పేరులో సర్వ ఉన్నది, వంటలో లేదు.

ఈ సంక్రాంతికి పిండి మిగిలిన ఇళ్ళవారికి మేము చెప్పగలిగినది ఇంతే. గ్యాసు పొయ్యిమీద మంటను ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించండి. సర్వ అడుగు పలుచనిదైతే దాని క్రింద పాత పెనము ఒకటి పెట్టండి, సెగ చెదరి సమముగా తగులుతుంది. సకినాల పిండిలో ఉప్పు, వాము, నువ్వులు మునుపే పడి ఉంటాయి గనుక మళ్ళీ వేసేటప్పుడు చేయి పట్టుకొనండి. పల్లీలను మరీ పొడి చేయవద్దు. మొదటిది సరిగా రాకపోవచ్చును. దానిని వండినవారే తినడము ఆనవాయితీ. రెండవది వేయడానికి ముందు సర్వను బోర్లించి నీళ్ళు చల్లండి. ఆ చప్పుడుకు ఇంట్లో ఎవరెవరు వంటగది గడపదాకా వస్తారో చూడండి.